మందు కంటే ముందే పుట్టిన మొండితనం

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృతికి మార్టూరు సభలో సమర్పించిన ఉపన్యాసం)

సుబ్బారావు గారి స్మృతికి ఉపన్యాసం సమర్పించేటప్పుడు ఆయన ఘనతల జాబితా చదివి కూర్చుంటే సరిపోదని నా నమ్మకం. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. తర్వాత లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద, బోదకాలు మందు హెట్రజాన్ మీద, టెట్రాసైక్లిన్ కుటుంబంలో తొలి మందైన ఆరియోమైసిన్ మీద జరిగిన పరిశోధనలకు సారథ్యం వహించారు. ఆరియోమైసిన్ లోకానికి తెలిసిన 1948లోనే, యాభై మూడేళ్ల వయసులో కన్నుమూశారు. ఆ మందు మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చింది. ఆయన పని మనకు మిగిల్చిన ప్రశ్న కూడా ఆ మట్టిలోనే ఉంది. ఒక మందు మనిషి చేతికి రాకముందే దానికి లొంగని క్రిములు ప్రకృతిలో ఉంటాయా? ఉంటే అన్ని దేశాల్లోనూ ఒకే పాళ్లలో ఉంటాయా?

ఈ రెండు ప్రశ్నలకూ నేటి వైద్యంలో స్పష్టమైన జవాబులు హెపటైటిస్ సి వైరస్ దగ్గర దొరుకుతాయి. అందుకే ఈ రోజు దాన్ని తీసుకున్నాను. నా వాదన ముందే చెప్పేస్తాను. ఈ వైరస్‌లో మందులను తట్టుకునే గుణం మందులు పుట్టకముందు నుంచీ ఉంది. అది ఒక్కో ప్రాంతంలో ఒక్కో తీరుగా ఉంది. కాబట్టి వేరే దేశాల రోగుల మీద తేలిన ఫలితాన్ని మన ఊరి రోగికి యథాతథంగా అంటగట్టడం శాస్త్రం కాదు. ఆ మందులను ప్రపంచానికి తయారుచేసి పంపే తెలుగు నేల, తన వైరస్‌ను తానే చదువుకోవాలి.

ముందు మొదటి ప్రశ్న చూద్దాం. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో 30,000 ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేల పొరల నుంచి శాస్త్రవేత్తలు పురాతన డీఎన్‌ఏను వెలికితీసి 2011లో ఫలితాలు ప్రకటించారు. పెన్సిలిన్ జాతి మందులను, టెట్రాసైక్లిన్లను తట్టుకునే జన్యువులు అందులో కనిపించాయి. అంటే ఆరియోమైసిన్ కుటుంబానికి ఎదురు నిలిచే శక్తి, ఆ మందును మనిషి కనుక్కోవడానికి వేల ఏళ్ల ముందే మట్టిలో ఉంది. ఇది బ్యాక్టీరియా సంగతి. వైరస్‌ల విషయంలో ఫ్లూ ఇంకా సూటిగా పాఠం చెప్పింది. 2007–08 చలికాలంలో ఓసెల్టమివిర్ అనే ఫ్లూ మందుకు లొంగని హెచ్1ఎన్1 రకం ఐరోపాలో హఠాత్తుగా వ్యాపించింది. ఆ మందు చాలా కొద్దిగా వాడే నార్వేలో పరీక్షించిన నమూనాల్లో మూడింట రెండు వంతులు మొండి రకమే. దాన్ని అందరికంటే ఎక్కువగా వాడే జపాన్‌లో ఆ కాలంలో అది బహు తక్కువ. మందు విచ్చలవిడిగా వాడితేనే నిరోధకత పుడుతుందనే మన సాధారణ నమ్మకానికి ఈ సాక్ష్యం సరిపడదు.

ఈ సంగతి మార్టూరు రైతుకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ కమ్మేసింది. 1987–88లో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులకు లొంగకుండా పంటను తినేసింది. అప్పుల్లో కూరుకుపోయి ప్రాణాలు తీసుకున్న పత్తి రైతుల విషాదం ఈ నేల మరిచిపోలేదు. మన రాష్ట్రంలో సేకరించిన ఆ పురుగుల్లో పైరిథ్రాయిడ్ నిరోధకత ఉందని తర్వాతి రెండేళ్లలో శాస్త్రీయంగా రుజువైంది. అక్కడ జరిగిందేమిటి? పిచికారీ చేసిన మందు పురుగుకు కొత్త శక్తి ఇవ్వలేదు. లక్షల పురుగుల్లో ఎక్కడో కొన్నింటికి పుట్టుకతోనే ఆ తట్టుకునే గుణం ఉంది. మందు మిగతావాటిని చంపి, ఆ కొన్నింటికి చేను మొత్తం అప్పగించింది. మందు నిరోధకతను సృష్టించదు, ఉన్నదాన్ని ఏరుకుంటుంది. పత్తిలో ఆ ఏరివేతకు మితిమీరిన పిచికారీలు కారణం. హెపటైటిస్ సిలో మాత్రం మందు ఒక్క బిళ్ల కూడా పడని ఒంట్లోనే, కొన్ని ప్రాంతాల్లో చాలామంది రోగుల ఒంట్లోనూ, ఆ గుణం ముందే స్థిరపడి ఉండవచ్చు. తేడా అక్కడే.

వైరస్ స్వభావం తెలిస్తే ఇది ఎలా సాధ్యమో అర్థమవుతుంది. 1989లో మైకేల్ హౌటన్, క్వీ-లిమ్ చూ, జార్జి కువో బృందం ఈ వైరస్‌ను గుర్తించింది. ఈ కృషికి హార్వీ ఆల్టర్, హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. రక్తం ద్వారా సోకి, ఏ బాధా చూపకుండా పదేళ్లు, ఇరవై ఏళ్లు కాలేయంలో కాపురముండి, చివరికి సిరోసిస్‌గానో కాలేయ క్యాన్సర్‌గానో బయటపడే జబ్బు ఇది. వైరస్ జన్యువు సుమారు 9,600 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ. చికిత్స లేని రోగి ఒంట్లో రోజుకు దాదాపు లక్ష కోట్ల కొత్త వైరస్‌లు తయారవుతాయని 1998లో అంచనా కట్టారు. ఈ జన్యువును నకలు తీసే ఎంజైముకు తప్పులు దిద్దుకునే ఏర్పాటు లేదు. పదివేల నుంచి లక్ష అక్షరాలకు ఒకటి చొప్పున తప్పు దొర్లుతుంది. లక్ష కోట్ల నకళ్లలో ఈ లెక్కన తప్పులు దొర్లుతుంటే, జన్యువులో సాధ్యమయ్యే ప్రతి ఒంటి అక్షర మార్పూ ప్రతి రోగి ఒంట్లోనూ ప్రతి రోజూ పుడుతూనే ఉంటుంది. వాటిలో చాలా భాగం వైరస్‌ను బలహీనపరిచి అక్కడికక్కడే అంతరిస్తాయి. కానీ వైరస్ బతుకుకు పెద్దగా నష్టం చేయని మార్పులు కొన్ని ఉంటాయి. అవి మనిషి నుంచి మనిషికి పాకి ఒక వంశంగా నిలదొక్కుకుంటాయి. అలాంటి మార్పు అనుకోకుండా రేపటి మందు అతుక్కోవాల్సిన చోటనే ఉంటే, మందు పుట్టేనాటికే నిరోధకత సిద్ధంగా ఉంటుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న, ప్రాంతాల సంగతి. ఈ వైరస్‌కు ఎనిమిది జన్యురూపాలున్నాయి. ఒక రూపానికీ మరో రూపానికీ జన్యు అక్షరాల్లో మూడో వంతు దాకా తేడా. వాటి కింద తొంభై దాకా ఉపరూపాలు. ప్రపంచ రోగుల్లో మొదటి రూపం వాటా దాదాపు 46 శాతం, మూడో రూపం వాటా 30 శాతం అని 2015లో ప్రచురితమైన ఒక విస్తృత అంచనా. ఆ మూడో రూపానికి పుట్టిల్లు లాంటిది దక్షిణాసియా. నాలుగోది ఈజిప్టులోనూ మధ్య ఆఫ్రికాలోనూ, అయిదోది దక్షిణాఫ్రికాలో, ఆరోది ఆగ్నేయాసియాలో ఎక్కువ. 2018లో ఎనిమిదో రూపాన్ని కెనడాలో గుర్తించినప్పుడు, ఆ రోగులందరి మూలాలూ మన పంజాబులోనే ఉన్నాయి. ఈ పంపకం వెనుక మానవ చరిత్ర ఉంది. 1950ల నుంచి 1980ల దాకా ఈజిప్టులో నత్తజ్వరం నివారణకు ఊరూరా సామూహికంగా సూదులు వేశారు. సరిగా శుద్ధి చేయని ఆ సూదులే నాలుగో రూపాన్ని దేశమంతటా పాకించాయి. ఇంకొన్ని చోట్ల రక్తమార్పిడి, మరికొన్ని చోట్ల మత్తు ఇంజెక్షన్లు, మరికొన్ని చోట్ల మళ్లీ మళ్లీ వాడిన సిరంజిలు. ప్రతి ప్రాంతానికీ వైరస్ వచ్చిన దారి వేరు, వచ్చిన వంశం వేరు. ఆ వంశంలో తరతరాలుగా స్థిరపడిన గుణాలు కూడా ఆ ప్రాంతానివే అవుతాయి.

దీనికి అమెరికాలో తేలిన ఉదాహరణ చాలా పేరు పొందింది. 2013లో వచ్చిన సిమెప్రెవిర్ అనే మందు వైరస్ ప్రొటీన్లను కత్తిరించే ఎంజైమును అడ్డుకుంటుంది. ఆ ఎంజైములో 80వ స్థానంలో క్యూ80కె అనే ఒక చిన్న మార్పు ఉంటే మందు పట్టు సడలుతుంది. ఉత్తర అమెరికాలో 1ఏ ఉపరూపం ఉన్న రోగుల్లో దాదాపు సగం మందికి, మందు మొహం చూడకముందే, ఈ మార్పు ఉంది. ఐరోపాలో అది అయిదింట ఒక వంతు, దక్షిణ అమెరికాలో ఇంకా తక్కువ. ఈ మార్పు ఉన్న వైరస్‌లలో అత్యధిక భాగం ఒకే వంశానికి చెందినవనీ, ఆ వంశం 20వ శతాబ్దం నడుమ అమెరికాలో పుట్టి పాకిందనీ జన్యు అధ్యయనాల్లో తేలింది. తాత కాలంలో పుట్టిన వంశం మనవడి కాలపు మందుకు అడ్డు నిలిచింది. చివరికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందు మొదలుపెట్టే ముందు 1ఏ రోగులకు క్యూ80కె పరీక్ష చేయమని సూచించాల్సి వచ్చింది.

జపాన్ కథ మరొకటి. అక్కడ 1బి ఉపరూపం ప్రధానం. 2014లో అక్కడ డక్లాటాస్విర్, అసునప్రెవిర్ జంటను నోటి మాత్రలుగా ఆమోదించారు. డక్లాటాస్విర్ గురి ఎన్‌ఎస్5ఏ అనే ప్రొటీన్. ఆ ప్రొటీన్ 93వ స్థానంలో వై93హెచ్ అనే సహజ మార్పు ఉన్న జపాన్ రోగుల్లో సగంకంటే తక్కువమందికే వైరస్ పూర్తిగా పోయింది. మార్పు లేనివారిలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా కోలుకున్నారు. ఆఫ్రికాలోని రువాండాలో 2019లో ప్రచురించిన అధ్యయనం అంతకన్నా కళ్లు తెరిపించింది. సోఫోస్బువిర్, లెడిపాస్విర్ అనే మందుల జంట వాడితే మొత్తం మీద 87 శాతం మంది నయమయ్యారు. కానీ 4ఆర్ అనే స్థానిక ఉపరూపం ఉన్నవారిలో 56 శాతమే నయమయ్యారు, మిగతావారిలో 93 శాతం. మొత్తం సగటు మాత్రమే చూసిన అధికారికి ఈ 4ఆర్ రోగులు కనిపించరు. ఆసియాలో 3బి అనే ఉపరూపం ఉంది. థాయ్‌లాండ్‌లో, చైనాలోని యునాన్‌లో, మన ఈశాన్య రాష్ట్రాల్లో ఇది కనిపిస్తుంది. అన్ని రూపాల మీదా పనిచేస్తుందని పేరున్న సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ జంటను చైనాలోనూ ఆగ్నేయాసియా దేశాల్లోనూ పరీక్షించినప్పుడు 3ఏ రోగుల్లో 95 శాతం నయమైతే, 3బి రోగుల్లో 76 శాతమే నయమయ్యారు. సిరోసిస్ కూడా ఉన్న 3బి రోగుల్లో అది 50 శాతానికి పడిపోయింది. ఆ చిన్న గుంపులో రోగులు పద్నాలుగుమందే అయినా, ఉపేక్షించదగ్గ తేడా కాదిది.

ఈ 3బి దగ్గర కాసేపు ఆగాలి. ఈ ఉపరూపపు ఎన్‌ఎస్5ఏ ప్రొటీన్‌లో 30వ, 31వ స్థానాల్లో మందుకు పట్టు దొరకని రెండు మార్పులు దాదాపు ప్రతి వైరస్‌లోనూ ఉంటాయి. అవి ఆ వైరస్‌కు కొత్తగా వచ్చిన లోపమో వికారమో కాదు, దాని సహజ రూపమే అది. మరి మనం దాన్ని మార్పు అని ఎందుకంటున్నాం? కొలబద్దగా పెట్టుకున్న వైరస్ వేరు కనుక. 1999లో జర్మనీలో ఫోల్కర్ లోమన్, రాల్ఫ్ బార్టెన్‌ష్లాగర్ ఈ వైరస్ జన్యువును ప్రయోగశాల కణాల్లో పెంచే పద్ధతిని తొలిసారి సాధించారు. మందుల వేట దానితోనే ఊపందుకుంది. ఆ జన్యువు 1బి రూపానిది. తొలి దశ మందులను మొదటి రూపం మీద వడపోశారు, మొదటి రూపం ఎక్కువగా ఉన్న ధనిక దేశాల రోగుల మీద పరీక్షించారు. ఇందులో కుట్ర ఏమీ లేదు. పరిశోధనకు డబ్బున్న చోట ఏ వైరస్ ఉందో దానికే మందు ముందుగా తయారవుతుంది. కానీ పర్యవసానం ఒకటే. ఎవరి వైరస్‌ను చూసి మందు మలిచారో వారికి అది బాగా పట్టింది. ఎవరి వైరస్‌ను చూడలేదో వారి దగ్గర కొన్నిచోట్ల జారింది. ఆ జారడానికి పెట్టిన పేరే సహజ నిరోధకత.

ఇక మన సంగతి. మన దేశంలో 2022 నాటికి 55 లక్షల మందికి ఈ వైరస్ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక అంచనా. ప్రపంచం మొత్తం మీద 5 కోట్ల మంది. ఉత్తర భారతంలో మూడో రూపానిదే రాజ్యం. దక్షిణాన, మన ఆంధ్ర, తెలంగాణల్లో మూడో రూపంతోపాటు మొదటి రూపం కూడా గణనీయంగా కనిపిస్తుంది. అంటే పంజాబు ఫలితాన్ని సైతం మన జిల్లాలకు కళ్లు మూసుకుని వర్తింపజేయలేం. మూడో రూపంలో వై93హెచ్ ఉంటే ఏమవుతుందో 2015లో వచ్చిన ఆస్ట్రల్-3 అనే అంతర్జాతీయ పరీక్ష చూపింది. సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ పన్నెండు వారాలు వాడిన మూడో రూపం రోగుల్లో మొత్తం 95 శాతం నయమయ్యారు. ఎన్‌ఎస్5ఏలో ముందే నిరోధక మార్పులున్న వారిలో 88 శాతం, లేనివారిలో 97 శాతం, ప్రత్యేకించి వై93హెచ్ ఉన్నవారిలో 84 శాతం. మన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జులై 28న మొదలైంది. సిరోసిస్ లేనివారికి సోఫోస్బువిర్, డక్లాటాస్విర్ పన్నెండు వారాలు, సిరోసిస్ ఉన్నవారికి సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ ఉచితంగా ఇస్తోంది. ఇది మెచ్చుకోదగ్గ కార్యక్రమం. అందులో నిరోధకత లెక్క కూడా చేరాలన్నదే నా కోరిక.

ఈ మందుల కథలో తెలుగు నేలకు ప్రత్యేక స్థానం ఉంది. 2013 చివర్లో అమెరికాలో సోఫోస్బువిర్ వచ్చినప్పుడు ఒక్కో బిళ్ల ధర వెయ్యి డాలర్లు, పూర్తి చికిత్సకు 84,000 డాలర్లు. 2014 సెప్టెంబరులో గిలియడ్ సంస్థ ఏడు భారతీయ తయారీ సంస్థలకు లైసెన్సులిచ్చింది. వాటిలో హైదరాబాదుకు చెందిన హెటిరో ఒకటి. పేటెంటును సవాలు చేసిన హైదరాబాదు సంస్థ నాట్కో కూడా 2015 మార్చిలో లైసెన్సు తీసుకుని, 28 బిళ్లల సీసాను 19,900 రూపాయలకు విడుదల చేసింది. పోటీ పెరిగిన కొద్దీ ధరలు అంతకన్నా ఎంతో కిందికి దిగాయి. ప్రభుత్వాలు ఉచితంగా ఇవ్వగలిగే స్థితి అలా వచ్చింది. ఆ తొలి లైసెన్సులు 91 దేశాలకు వర్తించాయి. ఆ దేశాల్లో ఆఫ్రికా దేశాలు చాలా ఉన్నాయి. మన దగ్గర తయారైన బిళ్ల 4ఆర్ ఉన్న చోటికీ, 3బి ఉన్న చోటికీ వెళుతుంది. కనుక ఆ వైరస్ దానికి లొంగుతోందా లేదా అన్న ప్రశ్న తయారు చేసినవాడికీ వర్తిస్తుంది. బిళ్ల సీసాలోకి వెళ్లడంతో మన బాధ్యత ముగిసిందనుకుంటే మనం వ్యాపారులమవుతాం. సుబ్బారావు గారి వారసులమని చెప్పుకోవాలంటే బిళ్ల రోగి ఒంట్లో ఏం చేసిందో కూడా అడగాలి.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, వందలో తొంభై అయిదుమంది నయమవుతుంటే ఈ రాద్ధాంతం ఎందుకు అన్నది. న్యాయమైన ప్రశ్నే. పంజాబులో 2016 నుంచి ప్రభుత్వం వేలాదిమందికి చేసిన చికిత్సలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా నయమయ్యారు. అయినా లెక్క వేసి చూడండి. 55 లక్షల మందికీ చికిత్స అంది, వందకు అయిదుగురే మిగిలారనుకున్నా, ఆ మిగిలినవారు రెండు లక్షల డెబ్భై అయిదు వేలు. పైగా వారు అక్కడక్కడా చెదురుమదురుగా మిగిలే మనుషులు కారు. సిరోసిస్ ముదిరినవారు, మొండి ఉపరూపం ఉన్న ప్రాంతాలవారు, పరీక్ష ఆలస్యమైన పేదలు ఎక్కువగా ఆ అయిదుగురిలో చేరతారు. వారి ఒంట్లో మిగిలిన వైరస్ మందును ఒకసారి చూసి నిలిచిన వైరస్. ఎన్‌ఎస్5ఏ మార్పులు చికిత్స ఆపాక కూడా ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి, ఇంకొకరికి సోకితే వారి చికిత్స మొదటి రోజు నుంచే కష్టమవుతుంది. సగటు బాగుంది కదా అని ఈ గుంపును వదిలేస్తే, చివరికి నిర్మూలన ఆగిపోయేది వీరి దగ్గరే.

రెండో అభ్యంతరం ఖర్చుది. ప్రతి రోగికీ చికిత్సకు ముందు జన్యు పరీక్ష చేస్తే డబ్బు చాలదు, చికిత్స ఆలస్యమవుతుంది, జిల్లా ఆసుపత్రికి రావడమే గగనమైన కూలీ రెండోసారి రాడు అంటారు. నేను దీన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చికిత్సను సులువు చేయమనే చెబుతోంది, అన్ని రూపాలకూ పనిచేసే మందు జంటలు వచ్చిందే అందుకు. మార్టూరు రోగి ఒక పరీక్ష ఫలితం కోసం నెల రోజులు ఎదురుచూడాలని నేను కోరడం లేదు. నేను కోరేది నమూనా నిఘా. ఏటా రాష్ట్రంలో కొన్ని వందల రోగుల రక్తపు నమూనాలను, వారి చికిత్సను ఒక్క రోజు కూడా ఆపకుండా, పక్కన చదవడం. అలాగే చికిత్స విఫలమైన ప్రతి రోగి వైరస్‌నూ తప్పకుండా చదవడం. విఫలమైనవారు తక్కువ కనుక ఆ ఖర్చు కూడా తక్కువే. పత్తిలో ఏ మండలంలో ఏ పురుగు ఏ మందుకు లొంగడం లేదో తెలుసుకోవడానికి ప్రతి చేనులోని ప్రతి పురుగునూ పరీక్షించనక్కర్లేదు కదా.

మూడో అభ్యంతరం భయానిది. నిరోధకత మాట వింటే రోగులు మందు మానేస్తారేమో అని. నిజం చెప్పడం వల్ల భయం పుడుతుందనుకోను, సగం చెబితే పుడుతుంది. మొత్తం నిజం ఇది. వై93హెచ్ ఉన్న మూడో రూపం రోగుల్లో కూడా నూటికి 84 మంది నయమయ్యారు. సోఫోస్బువిర్‌ను తట్టుకునే ఎస్282టి అనే మార్పు వైరస్‌నే బలహీనపరుస్తుంది కనుక సహజంగా చాలా అరుదు. జంటలో ఆ మందు ఉన్నంతకాలం పునాది గట్టిగానే ఉంటుంది. రువాండాలో మొదటి చికిత్స విఫలమైనవారికి సోఫోస్బువిర్, వెల్పటాస్విర్, వోక్సిలాప్రెవిర్ అనే మూడు మందుల కలయికను ఇస్తే నలభైమందిలో ముప్పై తొమ్మిదిమంది నయమయ్యారు. అక్కడ ఆ దారి ఎలా తెరుచుకుంది? తమ వైరస్ 4ఆర్ అని, అది ఫలానా మందుకు లొంగడం లేదని ముందు తెలుసుకున్నారు కనుక. మన దేశంలో 2018 నాటి మార్గదర్శకాలు విఫలమైన రోగికి వెల్పటాస్విర్ జంటకు రైబవిరిన్ చేర్చి 24 వారాలు ఇమ్మంటాయి. అది ఎవరికి చాలుతుందో, ఎవరికి మూడు మందుల కలయిక కావాలో చెప్పగలిగేది వైరస్ జన్యువే.

నాలుగో అభ్యంతరం పైకి వినిపించదు, మనసుల్లో ఉంటుంది. మందు పనిచేయలేదంటే రోగి సరిగా వేసుకోలేదు, తాగుడు మానలేదు, మధ్యలో ఆపేశాడు అనుకోవడం. బిళ్లలు క్రమం తప్పకుండా పూర్తిచేయడం ముఖ్యమే, అందులో సందేహం లేదు. కానీ 84 రోజులూ ఒక్క పూట తప్పకుండా వేసుకున్న మనిషికి కూడా, పుట్టుకతోనే మొండిదైన వైరస్ ఉంటే, మందు ఓడిపోవచ్చు. ఆ మనిషిని తప్పుపట్టడం అన్యాయం. అంతేకాదు, తప్పు రోగి మీదికి నెట్టేసిన చోట అసలు కారణం ఎవరూ వెతకరు. విఫలమైందా, నయమయ్యాక మళ్లీ కొత్తగా సోకిందా అన్న తేడా కూడా జన్యువును పోల్చి చూస్తేనే తెలుస్తుంది. మొదటిదైతే మందు మార్చాలి. రెండోదైతే ఆ ఊళ్లోనో ఆ డయాలిసిస్ గదిలోనో సూది ఎక్కడ మురికవుతోందో కనిపెట్టాలి.

చేయాల్సిన పనికి సాధనాలు మన దగ్గరే ఉన్నాయి. గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రులకు చుట్టుపట్ల జిల్లాల రోగులు వస్తూనే ఉన్నారు. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, తిరుపతిలో స్విమ్స్ ఉంది. హైదరాబాదులో సీసీఎంబీ కోవిడ్ కాలంలో వేల వైరస్ జన్యువులను చదివింది. విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలోనూ ఆ సమయంలో జన్యు ప్రయోగశాల వెలిసింది. కోవిడ్ కోసం నేర్చిన చేతులు హెపటైటిస్ సి జన్యువును చదవలేవా? నిఘా మొదలుపెట్టాల్సింది రక్తంతో ఎక్కువ పని ఉన్న చోట. ఉద్దానం కిడ్నీ రోగుల డయాలిసిస్ కేంద్రాలు, తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించే వార్డులు, తర్వాత జిల్లా చికిత్సా కేంద్రాలు. ఫలితాలను పేర్లు తీసేసి అందరికీ అందుబాటులో ఉంచాలి. అంతర్జాతీయ జన్యు నిధుల్లో దక్షిణాసియా, ఆఫ్రికా వైరస్‌ల వాటా పెరిగితే, రేపటి మందును మలిచేవాడి బల్ల మీద మన వైరస్ కూడా ఉంటుంది. ఎగుమతితో లాభపడిన ఔషధ పరిశ్రమ ఈ నిఘాకు తన వంతు నిధులివ్వడం దానం కింద లెక్కకాదు, తన సరుకు నాణ్యత మీద తాను చూపే శ్రద్ధ అవుతుంది.

నివారణను మరిచి నిరోధకత గురించి మాట్లాడటం కుదరదు. సోకని వైరస్‌కు మందు అక్కర్లేదు, మొండితనం సమస్యా లేదు. 2001 నుంచి దేశంలో దానం చేసిన ప్రతి రక్తపు సంచికీ హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి. దాంతో ఆ దారి చాలావరకు మూసుకుంది. ఇంకా తెరిచి ఉన్న దారి సూది. జ్వరమొచ్చినా ఒళ్లు నొప్పులొచ్చినా ఒక సూది పొడిపించుకుంటే గాని మందు పడినట్టు ఉండదనే అలవాటు మన పల్లెల్లో బలంగా ఉంది. సూది అక్కర్లేనప్పుడు వద్దనడం, వేయించుకోక తప్పనప్పుడు మీ కళ్ల ముందే కొత్త సిరంజి విప్పమని అడగడం ప్రతి రోగి హక్కు. 2001కి ముందు రక్తం ఎక్కించుకున్నవారు, పెద్ద ఆపరేషన్లయినవారు, డయాలిసిస్ మీద ఉన్నవారు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. యాంటీబాడీ పరీక్షలో ఉందని తేలితే, వైరస్ ఇంకా ఒంట్లో ఉందో లేదో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చెబుతుంది. ఉంటే చికిత్స ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది.

చివరిగా ఒక్క కోరిక ఈ సభ ముందు ఉంచుతాను. ఈ చికిత్సలో మందులు ముగిసిన పన్నెండు వారాల తర్వాత ఇంకో రక్తపరీక్ష ఉంటుంది. అప్పుడు వైరస్ కనిపించకపోతేనే నయమైనట్టు లెక్క. చాలామంది ఆ పరీక్షకు తిరిగి రారు. ఒంట్లో బాగుంది కదా అనో, ఒక రోజు కూలి పోతుందనో, ఎవరూ గట్టిగా చెప్పకనో ఆగిపోతారు. వారు రాకపోతే మందు ఎవరిలో ఓడిందో తెలియదు. ఓటమి తెలియకపోతే మన ప్రాంతపు వైరస్ స్వభావం ఎన్నటికీ తెలియదు, ఆ రోగికి రెండో మందు అందదు. ప్రభుత్వం ఆ పరీక్షకు వచ్చే రోగికి ప్రయాణ ఖర్చూ పోయిన రోజు కూలీ ఇవ్వాలి. ఆశా కార్యకర్తల పని జాబితాలో ఆ తేదీ చేరాలి. వైద్యులు మొదటి రోజే ఆ తేదీని చీటీ మీద రాసివ్వాలి. కుటుంబసభ్యులు ఆ తేదీ గుర్తుంచుకుని తోడు వెళ్లాలి. వైరస్ ఉన్నట్టు తేలితే ఆ నమూనాను పారేయకుండా జన్యు ప్రయోగశాలకు పంపాలి. ఈ ఒక్క పని పద్ధతిగా జరిగితే పదేళ్లలో తెలుగు రాష్ట్రాలకు తమదైన నిరోధకతా పటం ఉంటుంది. ఆ పటం చూసి మన వైద్యుడు మన రోగికి మందు ఎంచుకోగలుగుతాడు. మన మందు వాడే 4ఆర్, 3బి రోగుల గురించి మాట్లాడే అర్హత కూడా మనకు అప్పుడే వస్తుంది. ఇది మన శక్తికి మించిన పని కాదు. ఈ ఏడాదే మొదలుపెట్టాలని ప్రభుత్వాన్నీ, వైద్య కళాశాలలనూ, ఔషధ పరిశ్రమనూ, ఈ సభలోని ప్రతి ఒక్కరినీ కోరుతున్నాను.